మొదటి వినికిడి: మేలైన హెడ్‌ఫోనులను గూర్చి

క్రొత్త మనుష్యుని మొదటి చూపుననే తెలిసికొంటినని తలంచువాడు పెక్కుసారులు పొరపడును. క్రొత్త వాద్యమును మొదటి మ్రోతతోనే నిర్ణయించువాడును అట్లే పొరపడును. ఈ సత్యమును మేము పుస్తకములలో చదివియుంటిమి గాని, ఈ సంవత్సరము మా విజ్ఞానశాస్త్రపు గదిలో వారము దినములపాటు మా చెవులతోనే నేర్చుకొంటిమి. ఆ వృత్తాంతమును, దానివలన మాకు తెలియవచ్చిన ధ్వనిశాస్త్ర విషయములను, విద్యార్థుల యుపయోగార్థమును, వారి తలిదండ్రుల యాలోచనార్థమును ఇచట వ్రాయుచున్నారము.

మా పాఠశాలలో చదివి ఇప్పుడు బెంగుళూరున ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకరు వార్షికోత్సవమునకు వచ్చుచు, తాము కూడబెట్టిన సొమ్ముతో కొనుక్కొన్న హెడ్‌ఫోనులను వెంట తెచ్చిరి. అవి జర్మనీ దేశపు సెన్‌హైజర్ వారి హెచ్.డి. 800 అను రకము. ఈ రకము 2009వ సంవత్సరమున మొదట విక్రయమునకు వచ్చినపుడు అమెరికాలో దాని వెల సుమారు 1,400 డాలర్లు. "మన పిల్లలు కూడ ఒకమారు విని చూతురు గాక" అని పలికి, ఆయన వానిని వారము దినములు మా వద్ద నుంచి వెళ్లిరి. అంత వెలగల వస్తువు మా బల్లమీద నుండుట మాకు సంతోషమెంతయో భయమును అంతయే యయ్యెను. బీరువా తాళపుచెవి ఆ వారమంతయు మాలో నొకరి జేబులోనే యుండెను.

వాని యాకారము మొదట చెప్పుదుము. తీగ గాక బరువు 330 గ్రాములు. రెండు గిన్నెలును ఎంత పెద్దవనగా, చెవి యంతయు వాని నడుమ ఇమిడిపోవును గాని ఎచటను ఒరసికొనదు. గిన్నెల వెనుకభాగము మూయబడక సన్నని జల్లెడవలె తెరచియుండును. ఇందువలన రెండు ఫలితములు గలవు. పెట్టుకొన్నవానికి గదిలోని మాటలన్నియు వినబడును. అతడు వినుచున్న పాటయు ప్రక్కవారికి కొంత వినబడును. కావున ఇట్టివి గ్రంథాలయమునకును రైలుబండికిని తగినవి గావు. నిశ్శబ్దమైన గదిలో ఒంటరిగ కూర్చుండి వినుటకే యేర్పడినవి.

మొదటి దినమున సాయంకాలము బడి విడిచిన పిదప మేమందరము గుమిగూడితిమి. హెడ్‌ఫోనుల తీగచివర లావుపాటి ప్లగ్గు గలదగుటచే, మధ్య నొక చిన్న అడాప్టరును తగిలించి, గదిలోనున్న పాత సెల్‌ఫోనుకు కలిపితిమి. ఒకరి తరువాత ఒకరము పెట్టుకొని వింటిమి. నిజము చెప్పవలెనన్న, అందరి ముఖములును చిన్నబోయెను. ధ్వని సన్నగను దూరముగను ఉండెను. పదియవ తరగతి బాలుడొకడు కొంతసేపు విని, "మాస్టారూ, నా ఐదువందల రూపాయల ఇయర్‌ఫోనులే దీనికంటె బాగుగ మ్రోగును గదా!" అనెను. మేమును లోలోన అట్లే తలంచితిమి గాని, పెద్దవారమగుటచే పైకి చెప్పలేకపోతిమి.

ఆ బాలుని మాట అబద్ధము గాదు. అతని నిర్ణయము మాత్రము తొందరపాటు. కారణమును మరునాడు భౌతికశాస్త్రపు తరగతిలోనే విచారించితిమి. సామాన్యమైన ఇయర్‌ఫోనుల విద్యున్నిరోధము 16 గాని 32 గాని ఓములుండును. మా వద్ద నున్న వాని నిరోధము 300 ఓములు. ఒకే వోల్టేజి నిచ్చినపుడు నిరోధము పెరిగిన కొలదిని పుచ్చుకొను శక్తి తగ్గును. కనుక 32 ఓముల సాధనమునకు చేరు శక్తిలో సుమారు పదియవ వంతు మాత్రమే దీనికి చేరును. సెల్‌ఫోనునుండి వచ్చు కొలది వోల్టేజి దీనికి చాలదు. నాగలి మంచిదే, ఎద్దులే చాలవైతిరి. దోషము మా కూర్పులో నున్నది గాని సాధనమున లేదు. మా పూర్వవిద్యార్థి దానితోపాటు చిన్న ఆంప్లిఫయరు నొకదానిని ఇచ్చియే యుండిరి. అది పెట్టెలోనుండగనే మేము తీర్పు చెప్పితిమి!

రెండవ దినమున ఆంప్లిఫయరును కలిపి, వార్షికోత్సవమునకై అభ్యాసము చేయుచుండగా రెండు మైకులతో మేమే పట్టియుంచిన మా గాయకబృందపు పాటను వేసితిమి. ఆ పాటను అంతకుముందు ఇరువదిసారులు వినియుంటిమి. ఇప్పుడు వినినది వేరొక పాటవలె తోచెను. హార్మోనియము ఎడమవైపున, తబలా కుడివైపున, బాలబాలికలు నడుమ వరుసలు దీరి నిలిచినట్లు స్పష్టముగ తెలిసెను. హార్మోనియపు తిత్తి గాలి పీల్చు చప్పుడు వినబడెను. పైన తిరుగుచున్న పంకా యొక్క టకటక వినబడెను. పాట ముగియకముందే ఎవరో కాగితము త్రిప్పిన చప్పుడును వినబడెను. వెనుకవరుసలో ఎన్నడును నోరు తెరవడని మేము మందలించుచుండు బాలుడొకడు మెల్లగ, ఏ మాత్రము శ్రుతి తప్పక, మొదటినుండి చివరవరకు పాడుచుండెను. ఇన్నిమారులు విని కూడ అతని గొంతును మేము గుర్తింపలేదు. మరునాడు అతనిని పిలిచి ముందువరుసలో నిలిపితిమి.

ఇది యెట్లు సంభవించినదని బాలురడిగిరి. ముందుగ హెడ్‌ఫోను పనిచేయు విధమును తెలిసికొనవలెను. ఒక పలుచని పొరకు సన్నని తీగచుట్ట అంటియుండును. ఆ చుట్ట చుట్టును అయస్కాంతముండును. పాటకు అనుగుణముగ మారు విద్యుత్తు ఆ చుట్టలో ప్రవహింపగనే అది అయస్కాంతబలముచే ముందునకును వెనుకకును కదలును. దానితో పొరయు కదలి గాలిని త్రోయును. ఆ గాలి యలలే మనకు ధ్వని. మానవుని చెవి సెకనునకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను గ్రహింపగలదు. తబలా డగ్గ గుంభనము మొదలుకొని తాళముల గణగణ వరకు నన్నియు ఆ యొక్క పొరయే పలుకవలెను. ఒక దెబ్బ ముగిసిన వెంటనే పొర నిలువక ఊగుచుండెనా, వెనుకవచ్చు మెత్తని స్వరము ఆ యూగులో మునిగిపోవును. వెనుకవరుస బాలుని గొంతు చౌకసాధనమున మునిగిపోయినది ఇట్లే.

మేము వినిన సాధనమున పొర ఉంగరమువలె నడుమ ఖాళీగలదై, 56 మిల్లీమీటర్ల వెడల్పు గలిగియున్నది. దానిని చెవికి సూటిగ గాక, కొంచెము ముందునకు జరిపి ఏటవాలుగ అమర్చిరి. మన యెదుట పాడువాని గొంతు మన చెవిడొప్పల మడతలకు తగిలి లోనికి పోవునట్లే, ఈ ధ్వనియు ఆ మడతలకు తగిలి పోవును. అందుచేత పాట తల నడుమ గాక, కొంత యెడముగ వెలుపల జరుగుచున్నట్లు తోచును. అయితే చెవిడొప్పల మడతలు ఏ యిద్దరికిని ఒక్కరీతిగ నుండవు. ఒకే హెడ్‌ఫోనును ఒకరు మెచ్చుటకును వేరొకరు మెచ్చకుండుటకును ఇది యొక కారణము. కావున ఇతరుల చెవితో విని మనము కొనరాదు.

ఈ సాధనము ఒక్కనాట పుట్టినది గాదు. 1910 ప్రాంతమున అమెరికాలోని యూటా రాష్ట్రమున నథానియేల్ బాల్డ్విన్ అను ఆయన తయారుచేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళము వైర్‌లెస్ వార్తలు వినుటకై కొనెను. 1937లో జర్మనీయందు బేయర్ సంస్థవారు తీగచుట్టతో కదలు పొరగల డి.టి. 48 అను రకమును చేసిరి. 1958లో అమెరికాలోని మిల్వాకీ నగరమున జాన్ కాస్ అను ఆయన రెండు చెవులకును వేర్వేరు ధ్వనులనిచ్చు స్టీరియో హెడ్‌ఫోనులను సంగీతము వినుటకై ప్రచారమునకు తెచ్చెను. వెనుకభాగము తెరచియుండు పద్ధతి 1968లో సెన్‌హైజర్ వారి హెచ్.డి. 414తో వ్యాపించెను. 1979లో జపాను దేశపు సోనీవారి వాక్‌మాన్ వచ్చిన పిదప, హెడ్‌ఫోను ఇంటిని విడిచి వీధిలోనికి వచ్చెను. వార్తలు వినుటకు పుట్టిన పనిముట్టు క్రమముగ సంగీతసాధన మైనది.

ఇక మొదటి వినికిడి మనలను ఏల మోసగించునో చెప్పుదుము. ఇందుకు మూడు కారణములు ముఖ్యములు.

మొదటిది ధ్వని తీవ్రత. 1933లో బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు చెవి స్వభావమును కొలిచి చూపిరి. ధ్వని మెల్లగ నున్నపుడు మంద్రస్వరములు మన చెవికి అంతగా ఆనవు. ధ్వనిని పెంచిన కొలదిని అవి నిండుగ వినబడును. అందుచేత రెండు సాధనములలో ఏది కొంచెము బిగ్గరగ మ్రోగునో అదియే మేలైనదని మనము భ్రమింతుము. మా పదియవ తరగతి బాలుడు మోసపోయినది ఇచటనే. మేమును ఇచటనే మోసపోతిమి.

రెండవది అలవాటు. దినదినమును ఆవకాయ కలుపుకొని తినువానికి కమ్మని ముద్దపప్పు చప్పగ తోచును. చౌకరకపు ఇయర్‌ఫోనులలో పెక్కింట మంద్రస్వరమును కావలెనని హెచ్చింతురు. ఆ దుముదుమ శబ్దమునకు అలవాటుపడిన చెవికి ఉన్నదున్నట్లు చెప్పు సాధనము బీదదిగ తోచును. రెండు మూడు దినములు వినిన పిదప ఆ చెవి మరల కుదుటపడును. క్రొత్త హెడ్‌ఫోను నూరు గంటలు మ్రోగిన పిదప గాని పదునుపడదని కొందరందురు. దిండ్లు మెత్తబడి చెవికి చక్కగ అమరుట నిజమే గాని, యంత్రము మారుటకంటె మన యలవాటు మారుటయే హెచ్చని మా యభిప్రాయము.

మూడవది వెల. ఇంత సొమ్ము పోసి కొన్న వస్తువు మంచిదే కావలెనని మనస్సు ముందుగనే నిశ్చయించుకొనును. 2017లో యెరోన్ బ్రేబార్ట్ అను శాస్త్రజ్ఞుడు 283 రకముల హెడ్‌ఫోనుల కొలతలను పరిశీలించి, వాని స్వరముల సమతూకమునకును వెలకును సంబంధము కానరాలేదని ప్రకటించెను. అంతకుముందే, 2012 మొదలుగ, హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్ అను పరిశోధకుడును ఆయన తోడివారును, వెలయు పేరును తెలియనీయక పెక్కుమంది చేత వినిపించి పరీక్షించిరి. మంచి గదిలో మంచి స్పీకర్లు మ్రోగినట్లుండు ధ్వనినే పలువురు మెచ్చుకొనిరని వారు కనుగొనిరి. కనుక పేరు, వెల, మెరుపు అను మూడింటిని కన్నులు చూచును. చెవికి వానితో పనిలేదు.

ఈ మాట ఎంత నిజమో చూడవలెనని మేమును చిన్న ప్రయోగము చేసితిమి. రెండువేల రూపాయల మధ్యరకపు హెడ్‌ఫోనులను మాలో నొకరి యింటినుండి తెప్పించి, రెండింటి తీవ్రతను ధ్వనిమాపకముతో ఉజ్జాయింపుగ సమానము చేసి, వినువారి కన్నులకు గుడ్డ కట్టితిమి. బరువును బట్టి కొందరు పోల్చగలిగిరి గనుక ఇది పూర్తి పరీక్ష కానేరదు. అయినను తీవ్రత సమానమైన వెంటనే మొదటి దినమున చెప్పిన మాటలను పలువురు మార్చుకొనిరి. ఐదువందల రూపాయలవి మేలన్న బాలుడు పాటలోని వాద్యములను ఒక్కొక్కటిగ లెక్కించి చెప్పెను. వేరొక బాలిక, "మాస్టారూ, రెండువేలవి కూడ మంచివే, వెలలో నున్నంత భేదము పాటలో లేదు" అనెను. ఆమె మాటయు సత్యమే. వెల పెరిగిన కొలదిని మెరుగు పెరుగును గాని, పదింతల వెలకు పదింతల మెరుగు రాదు.

వారము గడచెను. హెడ్‌ఫోనులను పెట్టెలో పెట్టి పంపివేసితిమి. ఆ సాయంకాలము మా పాత ఇయర్‌ఫోనులతో అదే పాటను వింటిమి. పంకా లేదు; తిత్తి చప్పుడు లేదు; వెనుకవరుస బాలుడును లేడు. వచ్చినపుడు తెలియని మేలు పోయినపుడు తెలిసెను. కనుక మంచి సాధనమును పరీక్షించువారికి మా సలహా ఒక్కటి: మొదటి నిమిషమున తీర్పు చెప్పకుడు, మీకు బాగుగ తెలిసిన పాటనే కొన్నినాళ్లు వినుడు, పిదప పాతదానికి మరలి చూడుడు. తీర్పు అప్పుడు దానంతట నదియే తెలియును.

ఈ వ్యాసమును ఇంతటితో ముగింపదలచితిమి గాని, ఆ వారములో జరిగిన మరియొక సంగతి మమ్ము విడువకున్నది. మా కార్యాలయములో పనిచేయు పెద్దవారొకరు ఒకనాడు తామును విందుమని వచ్చిరి. కన్నులు మూసికొని పాటయంతయు విని, "చాల బాగున్నది నాయనా! కాని తాళములు వేసిన పిల్ల ఆనాడు రాలేదా యేమి?" అని యడిగిరి. ఆ బాలిక ఎదుటనే నిలిచియుండెను. పాటలో తాళములు మొదటినుండి చివరవరకు గణగణ మ్రోగుచునే యున్నవి. ఆయన యౌవనమున పదియేండ్లకు పైగ బియ్యపు మిల్లులో యంత్రముల ప్రక్కనే పనిచేసిన వారు. వయస్సు కొంతయు, ఆ మిల్లు కొంతయు ఆయన చెవినుండి పై స్వరములను తీసికొనిపోయినవి. ప్రపంచములోని యే హెడ్‌ఫోనును ఆ తాళములను ఆయనకు తిరిగి యీయజాలదు. ఆ బాలిక ఏమియు పలుకక తాళములను తెచ్చి ఆయన చేతిలో పెట్టెను. ఆయన వానిని తట్టి, వ్రేళ్లతో ఆ కంపనమును తాకి, నవ్విరి.

మన లోపలిచెవిలో ధ్వనిని గ్రహించు సూక్ష్మమైన రోమకణములు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 మాత్రమే గలవు. అవి చెడినయెడల మానవునికి మరల పుట్టవు. మిల్లులో పనిచేసిన పెద్దవారు కుటుంబపోషణకై తమ చెవులను వెచ్చించిరి. మన పిల్లలు వినోదమునకై వెచ్చించుచున్నారు. 12 మొదలు 35 ఏండ్ల వయస్సువారిలో నూరుకోట్లకు పైబడినవారు బిగ్గరగ వినుటచే వినికిడిని కోల్పోవు అపాయములో నున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఆ సంస్థయు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమును కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము, పెద్దవారు వారమునకు 40 గంటలు వినుటకు 80 డెసిబెలులు హద్దు. పిల్లలకు 75 డెసిబెలులే హద్దు. ప్రతి 3 డెసిబెలుల హెచ్చునకును వినదగిన కాలము సగమగును. ఈ లెక్కను బట్టి 90 డెసిబెలుల తీవ్రతతో వినుచున్న బాలునికి వారమంతటికి గంటంబావు మాత్రమే మిగులును. మన బాలురలో కొందరు దానిని ఒక్క సాయంకాలముననే ముగించుచున్నారని మా భయము.

తలిదండ్రులకు మా మనవి యిది. బిడ్డ చెవులలో ఇయర్‌ఫోనులుండగా చేయిచాపు దూరమునుండి మామూలు గొంతుతో పిలువుడు. వినబడకున్నయెడల ధ్వని మితిమీరినదని గ్రహింపుడు. విద్యార్థులారా, సెల్‌ఫోనులో ధ్వనిని నూటికి అరువది పాళ్లకు మించనీయకుడు. నడుమనడుమ చెవులకు విశ్రాంతి నిండు. చెవిలో గుయ్యిమను మ్రోత కలిగినయెడల దానిని హెచ్చరికగ నెంచి వెంటనే ఆపుడు. మానకున్న పెద్దలతో చెప్పి వైద్యునికి చూపుడు.

మేలైన హెడ్‌ఫోను మాకు నేర్పిన పాఠమిదియే. అది పాటకు ఏమియు చేర్చదు; పాటలో నున్నదానిని దాచదు. వినుటకు చెవి, ఓపిక, నిశ్శబ్దము అను మూడును మనమే తెచ్చుకొనవలెను. ఓపికను అభ్యాసముచే పొందవచ్చును. నిశ్శబ్దమును తలుపు మూసి పొందవచ్చును. చెవిని మాత్రము ఏ యంగడిలోను కొనలేము. వెనుకవరుసలో మెల్లగ పాడువాని గొంతు మనకు జీవితాంతము వినబడవలెనన్న, దేవుడిచ్చిన ఆ మొదటి సాధనమును భద్రముగ కాచుకొందము.